ఐఫోన్ ఫోటోలు స్టూడియోలో ఓపెన్ కావట్లేదా? హెచ్‌ఈఐసీ, వెబ్‌పీ ఫైళ్ళను ఎలా మార్చుకోవాలి

రాజోలు వైపు నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "నాన్నగారి షష్టిపూర్తికి అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య తన ఐఫోన్‌లో చాలా ఫోటోలు తీశాడు. వెళ్ళేముందు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. అమలాపురంలో ఆల్బమ్ చేసే స్టూడియోలో ఒక్కటీ ఓపెన్ కావట్లేదు. పేరు చివర హెచ్‌ఈఐసీ తీసేసి జేపీజీ అని పెట్టాను, అయినా అంతే. ఫ్లెక్సీ కోసం నెట్‌లో దింపిన అంతర్వేది స్వామివారి బొమ్మ వెబ్‌పీ అని వచ్చింది, అదీ పనికిరాదంటున్నారు. తమ్ముడి బ్యాంకు పరీక్ష అప్లికేషన్ కూడా అన్నయ్య తీసిన ఫోటో దగ్గరే ఆగిపోయింది. వీటిని మారిస్తే క్వాలిటీ పోతుందా?"

ముందు టెన్షన్ తీసేస్తానండి. ఫోటోలు పాడవలేదు, స్టూడియోవాళ్ళకి పని రాకా కాదు. మీ అన్నయ్యగారి ఫోను కొత్త పద్ధతిలో దాచింది, స్టూడియోలో ఉన్న సాఫ్ట్‌వేర్‌కి ఆ పద్ధతి తెలియదు. అంతే గొడవ. సరిగ్గా మారిస్తే ఆల్బమ్‌లో కంటికి కనిపించేంత తేడా రాదు. అయితే ఆ "సరిగ్గా" దగ్గరే చాలామంది బోల్తా పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పేరు మార్చడం సంగతి మొదట. బస్తా మీద పేరు మార్చినంత మాత్రాన లోపలి ధాన్యం మారదు కదండీ, ఇదీ అంతే. చుక్క తర్వాత వచ్చే అక్షరాలు కంప్యూటర్‌కి ఒక సూచన మాత్రమే. ఫైలు లోపల ఉన్నదేమిటో దాని మొదటి బైట్లు చెబుతాయి. అనుమానం వస్తే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి గుర్తుల మధ్య మొదటి వరుసలో 'ఎఫ్‌టైప్‌హెచ్‌ఈఐసీ' (ftypheic) అనే ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే అది హెచ్‌ఈఐసీ. 'రిఫ్' (RIFF), దాని పక్కనే 'వెబ్‌పీ' కనిపిస్తే వెబ్‌పీ. 'జేఎఫ్ఐఎఫ్' గానీ 'ఎక్సిఫ్' గానీ ముందే కనిపిస్తే జేపెగ్, అంటే మీరు జేపీజీ అంటున్నదే. చూసి సేవ్ చేయకుండా మూసేయండి, సేవ్ నొక్కితే ఫోటో నిజంగానే పోతుంది. మీరు పేర్లు మార్చేసిన ఫైళ్ళకి మళ్ళీ హెచ్‌ఈఐసీ అనే పెట్టుకోండి. లేకపోతే కొన్ని మార్పిడి సాఫ్ట్‌వేర్లు కూడా తికమకపడతాయి.

పేరు మారిస్తే సరిపోయేది ఒక్కటుంది. విండోస్‌లో బ్రౌజర్ నుంచి దింపిన బొమ్మ ఒక్కోసారి '.జేఎఫ్ఐఎఫ్' అని సేవ్ అవుతుంది. అది లోపల అచ్చంగా జేపెగ్గే. దానికి జేపీజీ అని పేరు పెడితే చాలు.

ఇక అసలు కారణం. మనం రోజూ వాడే జేపెగ్ 1992 నాటి ప్రమాణం. ముప్పై ఏళ్ళుగా ప్రతి కెమెరా, ప్రతి ప్రింటరు, ప్రతి కంప్యూటరు దాన్ని చదువుతున్నాయి. 2015లో హెచ్‌ఈఐఎఫ్ అనే కొత్త ప్రమాణం వచ్చింది. 2017లో ఐఓఎస్ 11తో ఆపిల్ దాన్ని ఐఫోన్‌లో పెట్టింది, ఐఫోన్ 7 నుంచి పైవాటికి. హెచ్‌ఈఐసీ అంటే అదే. వీడియోల కోసం తయారైన హెచ్‌ఈవీసీ పద్ధతిలో ఫోటోను కుదిస్తుంది కాబట్టి అదే నాణ్యతకి జేపెగ్‌లో దాదాపు సగం చోటు చాలు. చిక్కేమిటంటే హెచ్‌ఈవీసీ మీద పేటెంట్లు చాలా ఉన్నాయి, వాడేవాళ్ళు లైసెన్సు కట్టాలి. అందుకే విండోస్ 10లో కూడా మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హెచ్‌ఈఐఎఫ్ ఎక్స్‌టెన్షన్ (ఆ ఫైళ్ళు తెరవడానికి అదనంగా వేసుకునే చిన్న సాఫ్ట్‌వేర్) ఉచితంగా దొరుకుతుంది గానీ, దానికి తోడు కావలసిన హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్‌కి కొద్దిగా డబ్బు అడుగుతుంది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో అది ముందే ఉంటుంది.

మన వైపు స్టూడియోల పరిస్థితి మీకు తెలియనిది కాదు. విండోస్ 7 మీద ఫోటోషాప్ 7, పక్కన పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్ళికార్డు దగ్గర్నుంచి సంక్రాంతి ఫ్లెక్సీ దాకా దాని మీదే నడుస్తుంది. ఫోటోషాప్ 7 వచ్చింది 2002లో. హెచ్‌ఈఐసీ అప్పటికి పుట్టనే లేదు. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ స్టోరే లేదు, ఎక్స్‌టెన్షన్ ఎక్కడ వేస్తారు? వాళ్ళని కంప్యూటర్ మార్చమనడం మన పని కాదు. వాళ్ళకి అందే రూపంలో మనం ఇవ్వడమే తేలిక.

ఇప్పుడు మార్చే దారులు. ఫోటోలు ఇంకా మీ అన్నయ్యగారి ఫోన్‌లో ఉంటే అక్కడే పని సులువు. ఫోటోలు ఎంచుకుని షేర్ నొక్కాక పైన ఆప్షన్స్ అని ఉంటుంది. అందులో ఫార్మాట్ దగ్గర 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టి పంపితే జేపెగ్‌గా వెళతాయి. ఐక్లౌడ్ వెబ్‌సైటు నుంచి దింపేటప్పుడు కూడా ఇదే ఎంపిక ఉంది. అక్కడ 'అన్‌మాడిఫైడ్ ఒరిజినల్' తీసుకుంటే మళ్ళీ హెచ్‌ఈఐసీయే వస్తుంది. ఐఓఎస్ 16 నుంచి ఇంకో మార్గం కూడా ఉంది. ఫోటోలను ఫైల్స్ యాప్‌లో దాచి, వాటి మీద కాసేపు నొక్కి పట్టుకుంటే క్విక్ యాక్షన్స్‌లో 'కన్వర్ట్ ఇమేజ్' వస్తుంది. జేపెగ్ ఎంచుకుని, సైజు తగ్గించకుండా అసలు సైజే ఉంచమనండి. మ్యాక్ ఉన్నవాళ్ళకి ఫైండర్‌లో కుడి క్లిక్‌తో ఇదే దొరుకుతుంది. అక్కడ 'ప్రిజర్వ్ మెటాడేటా', అంటే తీసిన తేదీలాంటి వివరాలు ఉంచమనే టిక్కు తీయకండి.

ఫోను అందుబాటులో లేదు, పెన్‌డ్రైవ్ మాత్రమే ఉందంటే విండోస్ 10 గానీ 11 గానీ ఉన్న కంప్యూటర్ ఒకటి చూసుకోండి. రెండు మూడు ఫోటోలైతే ఫోటోస్ యాప్‌లోనో పెయింట్‌లోనో తెరిచి 'సేవ్ యాజ్' చేస్తే చాలు, దానికి ముందు చెప్పిన ఎక్స్‌టెన్షన్లు కావాలి. మీలా ఫంక్షన్ మొత్తం ఫోటోలైతే ఒక్కొక్కటిగా కూర్చుంటే తెల్లారిపోతుంది. ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ అని ఒకటుంది, సొంత వాడకానికి ఉచితం. ఫోల్డర్ మొత్తం లోపలికి లాగి, అవుట్‌పుట్ జేపెగ్ అని, వేరే కొత్త ఫోల్డర్ చూపించి నొక్కేయడమే. ఇర్ఫాన్‌వ్యూలో కూడా బ్యాచ్ మార్పిడి ఉంది, ప్లగిన్లు విడిగా వేసుకోవాలి. డిజైనింగ్ కూడా చేసేవారైతే గింప్ హెచ్‌ఈఐసీనీ వెబ్‌పీనీ నేరుగా తెరుస్తుంది.

ఇక్కడ నాలుగు సెట్టింగులు చూసుకోవాలి. జేపెగ్ క్వాలిటీ 92 నుంచి 95 మధ్య పెట్టండి. 100 పెడితే ఫైలు ఉబ్బుతుంది తప్ప ఆల్బమ్‌లో ఒరిగేదేమీ లేదు. 75కి దింపితే ఆకాశం, గోడలు, బుగ్గల మీద గళ్ళు తేలతాయి. సైజు మార్చవద్దు. మెటాడేటా ఉంచమని చెప్పండి, ఫోటో తీసిన తేదీ, సమయం అందులోనే ఉంటాయి. అది పోతే ఆల్బమ్ చేసేవాళ్ళకి పూర్ణాహుతి ముందో, అక్షింతలు ముందో తేల్చుకోవడానికి మీ ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తుంది.

నాలుగోది రంగు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. ఐఫోన్ 7 నుంచి ఆపిల్ ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఫోటో దాస్తాయి. ల్యాబ్‌లలో ప్రింటు యంత్రాలు ఎదురుచూసేది ఎస్‌ఆర్‌జీబీ అనే చిన్న పరిధిని. మార్చేటప్పుడు రంగుల ప్రొఫైల్‌ను (ఏ పరిధో చెప్పే గుర్తును) ఊరికే చెరిపేస్తే, అవే అంకెలను చిన్న పరిధిలో చదివి వెలిసిపోయినట్టు చూపిస్తుంది. అమ్మగారి పట్టుచీర ఎరుపు ఇటుక రంగులోకి పోతుంది. బంతిపూల తోరణం చప్పబడుతుంది. ఫోను మీద బాగుంది, ఆల్బమ్‌లో డల్ అయింది అని ల్యాబ్ మీద పడే ఫిర్యాదుల్లో ఇదీ ఒక కారణం. కాబట్టి మార్పిడిలో 'ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్' అనేది ఎంచుకోండి. ప్రొఫైల్ తీసేయడం వేరు, ఎస్‌ఆర్‌జీబీకి మార్చడం వేరు. మొదటిది రంగు పోగొడుతుంది, రెండోది కాపాడుతుంది.

పక్కకి తిరిగిపోయిన ఫోటోల గురించి కూడా చెప్పాలి. ఫోను నిలువుగా పట్టుకుని తీస్తే, ఫోటో ఎటు తిప్పి చూపించాలో ఫైలులో ఒక గుర్తు ఉంటుంది. కొన్ని మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఫోటోను నిజంగా తిప్పేసి కూడా ఆ గుర్తును అలాగే వదిలేస్తాయి. అప్పుడు తెరిచిన చోట అది రెండోసారి తిరుగుతుంది. నిలువు ఫోటోలు ఒక పది మార్చి, వేరే కంప్యూటర్లో చూసుకున్నాకే మిగతావి కానివ్వండి.

క్వాలిటీ పోతుందా అన్నారు. హెచ్‌ఈఐసీ, జేపెగ్ రెండూ కొంత సమాచారం వదిలేసి కుదించే పద్ధతులే కాబట్టి, లెక్క ప్రకారం ఒక్క మెట్టు దిగుతుంది. 95 దగ్గర ఒక్కసారి మారిస్తే ఆ తేడా ప్రింటులో పట్టుకోవడం కష్టం. పాడయ్యేది మళ్ళీ మళ్ళీ సేవ్ చేస్తే. ఒకరు మార్చి, ఇంకొకరు కాస్త కోసి సేవ్ చేసి, మూడోవాళ్ళు వెలుతురు పెంచి సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది. ఇక పోర్ట్రెయిట్ ఫోటోల్లో దూరం దగ్గర చెప్పే లోతు సమాచారం హెచ్‌ఈఐసీ ఫైలులోనే ఉంటుంది. మామూలు మార్పిడిలో అది పోతుంది, తర్వాత వెనక మసకను ఎక్కువ తక్కువలు చేసుకోలేరు. లైవ్ ఫోటో అయితే హెచ్‌ఈఐసీ పక్కన ఒక చిన్న వీడియో ఫైలు విడిగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో అవీ కనిపిస్తాయి, చెత్త అనుకుని తీసేయకండి. మీ నాన్నగారు నవ్విన రెండు క్షణాలు అందులో ఉండవచ్చు.

అందుకే నా మాట ఒక్కటే: అసలు ఫైళ్ళు ముట్టుకోవద్దు. మార్చినవి నకళ్ళు. స్టూడియోకి నకలు ఇవ్వండి, అసలువి ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ, అన్నయ్యగారి దగ్గర ఒక కాపీ ఉంచండి. జేపెగ్ చేశాం కదా అని హెచ్‌ఈఐసీలు తుడిచేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరు ఏ రూపంలో అడిగినా అసలు నుంచి మళ్ళీ తీసి ఇవ్వగలిగేలా ఉండాలి.

ఇదంతా ఎందుకు, వాట్సాప్‌లో పంపించేస్తే అదే జేపెగ్ అయిపోతుంది కదా అని మీ ఇంట్లోనే ఎవరో ఒకరు అంటారు. అవును, మామూలు ఫోటోగా పంపితే జేపెగ్ అవుతుంది. దాంతోపాటు పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకి కుంచించుకుపోతుంది. లెక్క చూడండి. కరిజ్మా ఆల్బమ్‌లో 12 బై 36 షీటు అంటే ఒక్కో పేజీ 12 బై 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కలు కావాలంటే 5400 బై 3600 పిక్సెళ్ళు. ఐఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెళ్ళ ఫోటో 4032 బై 3024. 18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 224 వస్తాయి, పేజీ నిండా వేసినా బాగానే ఉంటుంది. వాట్సాప్ ఫోటో అయితే అంగుళానికి 89. ముఖాలు అలికేసినట్టు వస్తాయి. వాట్సాప్‌లోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, సైజు తగ్గదు. కానీ అప్పుడది హెచ్‌ఈఐసీగానే దిగుతుంది! మా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ఇక్కడివే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం అయ్యాక కుర్రాళ్ళు పది ఫోన్ల నుంచి ఫోటోలు పంపుతారు. కొన్ని కుంచించుకుపోయి వస్తాయి, కొన్ని తెరుచుకోకుండా వస్తాయి. ముందు జేపెగ్ చేసి, ఆ జేపెగ్‌ను డాక్యుమెంట్‌గా పంపడమే మార్గం.

ఫోన్‌ను కేబుల్‌తో విండోస్ కంప్యూటర్‌కి పెడితే కాపీ మధ్యలో 'ఎ డివైస్ అటాచ్డ్ టు ది సిస్టమ్ ఈజ్ నాట్ ఫంక్షనింగ్' అని ఆగిపోతుంటే కేబుల్ మార్చకండి. ఫోను దారిలోనే ప్రతి ఫోటోను జేపెగ్ చేస్తూ పంపడానికి తంటాలు పడుతోందన్నమాట. ఫోన్ సెట్టింగ్స్‌లో ఫోటోస్ కింద, 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' దగ్గర 'కీప్ ఒరిజినల్స్' పెడితే గబగబా దిగిపోతాయి. మార్పిడి తర్వాత కంప్యూటర్లో చేసుకోవచ్చు.

ఇక స్వామివారి బొమ్మ. వెబ్‌పీని గూగుల్ 2010లో తెచ్చింది, వెబ్‌సైట్లు త్వరగా తెరుచుకోవడానికి. ఇప్పుడు అన్ని బ్రౌజర్లూ చూపిస్తాయి, కానీ ఫోటోషాప్‌లో నేరుగా తెరుచుకోవడం 2022 నుంచే. అన్నట్టు వాట్సాప్ స్టిక్కర్లు కూడా వెబ్‌పీలే. దాన్ని మార్చడం నిమిషం పని, పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లు చాలు. బొమ్మ చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పారదర్శకంగా ఉంటే మాత్రం జేపెగ్ చేయకండి, పీఎన్‌జీ చేయండి. జేపెగ్‌కి పారదర్శకత లేదు, స్వామి వెనకాల నల్లటి చతురస్రమో తెల్లటి చతురస్రమో వచ్చి కూర్చుంటుంది.

అయితే మీ అసలు ఇబ్బంది ఫార్మాట్ కాకపోవచ్చు. ఆ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో వెడల్పు ఎంతుందో చూడండి. వెబ్‌సైట్ల కోసం చేసిన బొమ్మలు చాలావరకు 600, 800 పిక్సెళ్ళే ఉంటాయి. ఫ్లెక్సీ మీద స్వామిని మూడడుగుల వెడల్పున వేయాలంటే 36 అంగుళాలు. 600 పిక్సెళ్ళని పంచితే అంగుళానికి 17 కూడా రావు. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి ఆల్బమ్‌కి కావలసినంత అక్కర్లేదు, అంగుళానికి 40 ఉన్నా గేటు మీద కడితే బాగానే ఉంటుంది. 17తో మాత్రం గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. వెబ్‌పీని పీఎన్‌జీ చేసినా, టిఫ్ చేసినా లేని పిక్సెళ్ళు పుట్టవు. ఫ్లెక్సీలు వేసేవాళ్ళ దగ్గర దేవుళ్ళ బొమ్మలు పెద్ద సైజులో ఎప్పుడూ ఉంటాయి, అంతర్వేది నరసింహస్వామి ఈ వైపు ఏ షాపులోనైనా ఉంటాడు. వాళ్ళనే అడగండి.

ఏవీఐఎఫ్ అనే ఇంకో రకం కూడా తగులుతుంది. 2019లో వచ్చింది, లైసెన్సు డబ్బు అక్కర్లేనిది. క్రోమ్ 2020లో చూపించడం మొదలుపెట్టింది, ఎడ్జ్ 2024 దాకా ఆగింది. దానికీ ఇదే వైద్యం.

తమ్ముడి అప్లికేషన్ సంగతి. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఫోటో 200 బై 230 పిక్సెళ్ళు, 20 నుంచి 50 కేబీ మధ్య అడుగుతుంది, సంతకం 140 బై 60, 10 నుంచి 20 కేబీ. నోటిఫికేషన్‌లో ఒకసారి సరిచూసుకోండి. వరుస ముఖ్యం. ముందు జేపెగ్ చేయండి, తర్వాత ముఖం వరకు కోయండి, ఆ తర్వాత పిక్సెళ్ళు తగ్గించండి, చివర్లో కేబీ చూసుకోండి. పెద్ద ఫోటోనే పెట్టుకుని క్వాలిటీని పదికి దింపి 50 కేబీలోకి కుక్కితే ముఖం గళ్ళుగా తయారవుతుంది. ఐఫోన్‌లోనే సఫారీ నుంచి ఫోటో లైబ్రరీ ద్వారా అప్‌లోడ్ చేస్తే మామూలుగా ఫోనే జేపెగ్ చేసి పంపుతుంది. ఫోటోను కంప్యూటర్‌కి తెచ్చుకుని పెట్టేటప్పుడే ఆగేది. ఇది మనకే వచ్చిన కష్టం కాదు లెండి. 2020 మేలో అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు ఇళ్ళ నుంచి రాసినప్పుడు, జవాబుల ఫోటోలు హెచ్‌ఈఐసీలో ఉండి అప్‌లోడ్ కాక చాలామంది పిల్లలు మళ్ళీ రాయాల్సి వచ్చింది.

నెట్‌లో 'ఉచితంగా మార్చి ఇస్తాం' అనే సైట్లు బోలెడు. పువ్వుల ఫోటో అయితే పర్వాలేదు. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, తమ్ముడి సంతకం, ఇంట్లో ఆడవాళ్ళ ఫోటోలు వాటికి ఎక్కించకండి. ఐఫోన్ ఫోటోలో తీసిన చోటు కూడా రాసి ఉంటుంది, మీ ఇల్లు ఎక్కడుందో సహా. కంప్యూటర్లోనే పని అయిపోతుంటే బయటి సర్వర్‌కి పంపాల్సిన అవసరం ఏముంది?

అన్నయ్యగారు ఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్, ఫార్మాట్స్‌కి వెళ్ళి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకుంటే ఇకపై అన్నీ జేపెగ్గే వస్తాయి. శాంసంగ్ ఫోన్లలో ఇలాంటిదే 'హై ఎఫిషియెన్సీ పిక్చర్స్' అని ఉంటుంది, ఆఫ్ చేయాలి. ఫోటోలన్నీ ఇక్కడికి పంపే పని ఉన్నవాళ్ళకి, అంటే చెరువులో రొయ్య ఫోటో తీసి వెంటనే టెక్నీషియన్‌కి పంపే ఆక్వా రైతులాంటి వాళ్ళకి, ఆ సెట్టింగే మేలు. అన్నయ్యగారికి మాత్రం నేను వద్దనే అంటాను. ఫోన్‌లో చోటు రెట్టింపు తింటుంది, 60 ఫ్రేముల 4కే వీడియో కూడా తీయనివ్వదు. ఫంక్షన్ రోజు మార్చుకుని, విమానం ఎక్కేముందు మళ్ళీ వెనక్కి పెట్టుకుంటే సరి.

మీ పని ఈ వారంలో అవ్వాలంటే ఇలా చేయండి. పీ3 రంగు ఎక్కువ తెలిసే ఎర్రచీర ఫోటో ఒకటి, నిలువుది ఒకటి, చీకట్లో తీసింది ఒకటి మార్చి స్టూడియోకి పట్టుకెళ్ళండి. మూడూ 4 బై 6 ప్రింటు తీయించి ఫోన్ పక్కన పెట్టి చూడండి. సరిపోతే అదే సెట్టింగుతో మిగతావన్నీ మార్చేయండి. ఎరుపు తేడాగా ఉంటే ఎస్‌ఆర్‌జీబీ దగ్గరే ఏదో వదిలేశారన్నమాట. ఏ సాఫ్ట్‌వేర్ వాడారో, ఏ సెట్టింగు పెట్టారో కింద రాయండి, చూసి చెబుతాను.